జిప్సీకి బ్రీదర్ కిట్: డబ్బాలో సగం సామాను బాగుంది, మిగతాది బజారులో కొన్నాను

ఆన్‌లైన్‌లో రెండు వేల చిల్లరకి దొరికే నాలుగు దారుల బ్రీదర్ కిట్ (ఇరుసులు, గేర్‌బాక్సు గాలి పీల్చే దారుల్ని పైపులతో నీళ్ళకి అందనంత పైకి తీసుకెళ్ళే సామాను) కొనొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. కొనొచ్చు. కానీ డబ్బాలో వచ్చింది వచ్చినట్టు బిగించకండి. మానిఫోల్డ్ (పైపులన్నీ కలిసే దిమ్మ) చాలా బాగుంది, నిపుల్స్ (పైపు తొడిగే మూతులు) పర్వాలేదు, ట్యూబు దండగ, ఫిల్టరు శుద్ధ దండగ. కిట్‌కి ఐదుకి మూడు ఇస్తాను. దాన్ని బిగించిన మా మెకానిక్‌కి మాత్రం ఐదుకి ఐదు. అసలు ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆయన పని గురించే.

నాది 1.3 లీటర్ల పెట్రోలు జిప్సీ కింగ్. సరదాకి బురదలో తిప్పి ఫొటోలు తీసుకునే బండి కాదు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు, కూనవరం వైపు సెల్ టవర్లకి బ్యాటరీలు, జనరేటర్ల డీజిల్ మోస్తాను. వెనక సీట్లు ఎప్పుడో తీసేశాను. ఎండాకాలం ఈ పని ఎవరైనా చేస్తారు. జూన్ దాటాకే అసలు కథ.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మాకు ఫోన్లు మొదలవుతాయి, టవర్లలో డీజిల్ నింపేయండి అని. 2022 జూలైలో లాగా 71.3 అడుగులకి వెళ్తే ఇక బండి గురించి మాట్లాడుకోవడానికేం లేదు, పడవలే దిక్కు. నేను చెప్పేది దానికి చాలా ముందు దశ. గోదావరి ఎగదన్నితే శబరి ముందుకు పోలేక నిలబడిపోతుంది. శబరి నిలబడితే సోకులేరు లాంటి వాగులు రోడ్డెక్కుతాయి. ఆ నీళ్ళు ఉరకవు, నిలబడి ఉంటాయి. మోకాలి లోతు ఉంటే ఊళ్ళో వాళ్ళు కర్రతో చూసి "వెళ్ళొచ్చండి" అంటారు, మేం నిదానంగా దాటుతాం. ఉరవడి ఉన్న వాగులోకి మోకాలి లోతైనా దిగం, అది వేరే విషయం.

ఇలాంటి దాటింపుల్లోనే క్రౌన్‌లోకి, అంటే ఇరుసు మధ్యలో చక్రాల్ని తిప్పే పళ్ళ చక్రాలు ఉండే చోటికి, నీళ్ళు పోతాయి. లోతు వల్ల పోతాయనుకుంటారు చాలామంది. లోతు పాత్ర తక్కువే. బరువేసుకుని మారేడుమిల్లి ఘాట్ దాటేసరికి వెనక హౌసింగ్ (ఆ పళ్ళ చక్రాల్ని మూసి ఉంచే ఇనప గుల్ల) మీద చెయ్యి ఆనించి ఉంచలేం. 80 డిగ్రీలనుకోండి. ఆ వేడి మీదే 25 డిగ్రీల నీళ్ళలోకి దింపుతాం. హౌసింగ్ లోపల ఆయిల్ పైన ఉన్న గాలి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. 80 నుంచి 25కి వస్తే దాదాపు ఆరో వంతు తగ్గుతుంది, ఇంటర్ ఫిజిక్స్ లెక్కే ఇది. బయటి నుంచి గాలి వచ్చి ఆ లోటు పూడ్చకపోతే లోపల ఏర్పడే లాగుడు నీటిని ఒకటిన్నర మీటర్ల ఎత్తుకి లాగేంత. మోకాలి లోతు నీళ్ళు తమ బరువుతో తోసేదానికి ఇది మూడు రెట్లు. ఆయిల్ సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) పెదవి లోపలి ఆయిల్‌ని ఆపేటట్టు కూర్చుంటుంది. బయటి నుంచి లోపలికి లాగితే అదే పెదవి లేచి దారి ఇచ్చేస్తుంది.

ఈ లోటు పూడ్చడానికే ఇరుసు గొట్టం మీద చిన్న ఇనప టోపీ ఒకటి ఉంటుంది. అదే బ్రీదర్. వేడెక్కినప్పుడు గాలిని బయటికి వదలాలి, చల్లబడినప్పుడు కాస్త గాలిని లోపలికి రానివ్వాలి. సమస్యల్లా అది ఉన్న చోటు. నా బండికి 205/70 ఆర్15 టైర్లు. టైరు ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు, అంటే ఇరుసు మధ్యభాగం నేల నుంచి 33 దగ్గర ఉంటుంది, దాని మీదున్న టోపీ 40 లోపే. మోకాలి లోతు అంటే టోపీ మునిగినట్టే. ఇక టోపీ లోపల బురద ఎండి బిగుసుకుందంటే రెండో తలనొప్పి. వేడికి పెరిగిన ఒత్తిడి పోయే దారి లేక ఆయిల్ సీళ్ళ దగ్గర కారడం మొదలవుతుంది. వెనక బ్రేకు డ్రమ్ములోకి ఆయిల్ వస్తోందని సీలు మార్చి, రెండు నెలలకి మళ్ళీ సీలు మార్చి, మూడోసారి సీలు కంపెనీని తిట్టుకునేవాళ్ళని చూశాను. పైన టోపీ చేత్తో తిప్పి చూస్తే కదలదు.

పోయిన వానాకాలం అయ్యాక వెనక క్రౌన్ ఆయిల్ తీయిస్తే డ్రెయిన్ బోల్టులోంచి చిక్కటి పాల టీ వచ్చింది. ముందు హౌసింగ్ కొంచెం నయం. క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పినియన్, ఈ రెంటి పళ్ళూ దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి. మధ్యలో ఆయిల్ పొర నిలబడకపోతే అరిగిపోతాయి. నీళ్ళు కలిసిన ఆయిల్‌కి ఆ పొర నిలబెట్టే శక్తి ఉండదు. బేరింగులు తుప్పు పడతాయి, కొన్నాళ్ళకి స్పీడు 60 దాటితే వెనక నుంచి ఈల మొదలవుతుంది. జిప్సీ తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. క్రౌన్ పినియన్ సెట్టు వెతుక్కోవడం, బేరింగులు, సిమ్ములు (సందు సరిచేసే సన్నటి రేకులు), బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య సందు) సెట్ చేయించే కూలి, బండి ఆగిన రోజుల కిరాయి, ఇవన్నీ లెక్కేసుకుంటే రెండు వేల కిట్ లెక్కలోకి రాదు. అలా ఆర్డర్ పెట్టాను.

డబ్బా బాగానే ప్యాక్ చేసి పంపారు. లోపల అల్యూమినియం మానిఫోల్డ్ ఒకటి, ఇత్తడి నిపుల్స్ నాలుగు, నీలం ట్యూబు ఆరు మీటర్లు, ఫిల్టరు ఒకటి, క్లిప్పులు, జిప్ టైలు, ఒక కాగితం. కాగితం మీద ఏదో పెద్ద పికప్ బొమ్మ ఉంది, మన బండికి దాంతో ఏ ఉపయోగమూ లేదు. ఆస్ట్రేలియా ఏఆర్‌బీ వాళ్ళు నాలుగు దారుల కిట్ ఒకటి అమ్ముతారు, దాన్ని చూసి చేసినట్టే ఉంది ఇది. అసలుది తెప్పించుకునే స్తోమత ఉన్నవాళ్ళు అదే తెప్పించుకోండి. కిరాయి మీద బతికే బండికి నేను అంత పెట్టలేను.

మానిఫోల్డ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంత చవక కిట్‌లో ఇలాంటి పని నేను అనుకోలేదు. ఒకే దిమ్మ నుంచి కోసింది, చేతికి బరువు తగులుతుంది. నాలుగు దారులూ లోపల ఒకే గదిలో కలుస్తాయి, పైన ఐదో రంధ్రం ఫిల్టరుకి. ప్రతి రంధ్రంలో టార్చి వేసి చూశాను. తొలిచినప్పటి రజను ఎక్కడా లేదు, అంచులు వేలికి గీసుకోవడం లేదు. గోడకి బిగించడానికి రెండు బోల్టు రంధ్రాలు కూడా సరిగ్గా తిన్నగా ఉన్నాయి. ఇది చేసినవాడెవడో పని తెలిసినవాడు.

అదే డబ్బాలో ఆ ట్యూబు ఎలా పెట్టారో అర్థం కాదు. చుట్ట విప్పేసరికే మడత పడిన చోట తెల్లగా గీత తేలి ఉంది. రెండు వేళ్ళతో వంచితే పూర్తిగా వంపు తిరక్కముందే నొక్కుకుపోయి దారి మూసుకుంది. డబ్బా మీద నైలాన్ అని రాసి ఉంది. మా మెకానిక్ బాబాయ్ ఒక ముక్క కోసి టీ కొట్టు నుంచి తెప్పించిన వేడినీళ్ళలో వేశాడు. వెంటనే మెత్తగా అయిపోయింది, చల్లారాక తీస్తే ఆ వంకర అలాగే బిగుసుకుపోయింది.

"ఇది అక్వేరియంకి పెట్టుకోడానికి బాగుంటది అబ్బాయ్" అన్నాడు.

ఫిల్టరు కూడా అంతే. ప్లాస్టిక్ టోపీలో స్పాంజి ముక్క. ఇంజిన్ దగ్గర వేడికి ఆ స్పాంజి ఒక్క ఎండాకాలం తర్వాత పొడై లోపలికే రాలుతుంది.

నిపుల్స్‌లో ఇరుసుల మీదికి రావాల్సిన రెంటికీ త్రెడ్డు కలవలేదు. జిప్సీకి సరిపోతుందని అమ్మేటప్పుడు రాశారు కదా అని ఫోన్ చేస్తే, "యూనివర్సల్ కిట్ సార్ అది" అన్నాడు అవతలి కుర్రాడు. రెండు నిపుల్స్ మార్చి పంపండి అంటే కుదరదు, మొత్తం డబ్బా తిప్పి పంపితే డబ్బు వాపసు. నాకు మానిఫోల్డ్ కావాలి, అందుకని వదిలేశాను. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇత్తడి మెత్తన కాబట్టి త్రెడ్డు కలవకపోయినా బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కేస్తుంది. ఎక్కింది కదా అని వదిలేస్తే ఓ గతుకుల దారిలో ఊడిపోతుంది. ఇంకా బిగిస్తే హౌసింగ్ త్రెడ్డే పాడవుతుంది. పాత టోపీనే శాంపిల్‌గా ఇచ్చి లేత్ షాపులో ఇత్తడి కడ్డీతో రెండు నిపుల్స్ పట్టించాం. గంటలో ఇచ్చాడు.

ట్యూబుకి బదులు ఏం వాడాలన్న దాని మీద లారీ స్పేర్ల షాపు దగ్గర కాసేపు మీమాంస నడిచింది. లారీ ఎయిర్ బ్రేకుల నైలాన్ ట్యూబు నా కంటికి నచ్చింది, గట్టిది, వేడికి ఆగుతుంది. బాబాయ్ వద్దన్నాడు. కిట్ మానిఫోల్డ్‌కి ఉన్నవి గాట్లు పెట్టిన నిపుల్స్, వాటి మీద రబ్బరు పైపు ఎక్కించి క్లిప్పు వేస్తే పట్టుకుంటుంది గానీ నైలాన్ అంత గట్టిగా కూర్చోదు, దానికి నొక్కితే పట్టే వేరే కనెక్టర్లు కావాలి. పైగా ఇరుసు పైకీ కిందికీ ఊగే చోట మెత్తటి పైపే మన్నుతుంది. చివరికి నూలు అల్లిక ఉన్న పెట్రోల్ పైపు, లోపలి కొలత 6 మిల్లీమీటర్లది తీసుకున్నాం. ఇది ఆయిల్ తగిలినా ఉబ్బదు. మీటరు 90 రూపాయలు. పక్క వీధిలో కంప్రెసర్ సామాను అమ్మే షాపులో ఇత్తడి పొడి అతికించి చేసిన చిన్న సైలెన్సర్లు (గాలి చప్పుడు తగ్గించేవి) ఉంటాయి, ఒకటి 80 రూపాయలు. గాలి పోతుంది, దుమ్ము రాదు, నిండితే పెట్రోల్‌లో కడిగి మళ్ళీ పెట్టుకోవచ్చు. స్పాంజి ఫిల్టరు స్థానంలో అవి.

ఇక పని. బాబాయ్‌ది హైవే పక్కన రేకుల షెడ్డు. బోర్డు లేదు. ఒకప్పుడు ప్రభుత్వ శాఖల జీపులు చూసిన చెయ్యి. పొద్దున బండి ఇస్తే మొదటి గంటంతా కడగడానికే సరిపోయింది. నాకు విసుగొచ్చింది గానీ కారణం చెప్పాక నోరు మూసుకున్నాను. టోపీ చుట్టూ ఎన్ని వానాకాలాల మట్టో పేరుకుని ఉంటుంది, అలాగే విప్పితే అదంతా తిన్నగా క్రౌన్ మీదే పడుతుంది. కుర్రాడు బ్రష్షుతో, పెట్రోల్‌తో లోహం కనిపించేదాకా తోమాడు. "అయిపోయిందా?" అంటే "ఆయ్, ఇంకొంచెం ఉందండి" అంటూనే ఉన్నాడు. టెఫ్లాన్ టేపు కూడా వాడనివ్వలేదు బాబాయ్. ముక్క తెగి లోపల పడితే ఆయిల్‌లో తిరుగుతూ ఉంటుందట. సీలెంట్ పేస్టు సన్నగా, లోపలికి పోయే మొదటి చుట్టు వదిలేసి రాశాడు.

వెనక ఇరుసు పైపు పొడవు కొలిచిన పద్ధతి చూస్తే చాలు ఆ మనిషి పని తెలుస్తుంది. బండి నేల మీద ఉండగా కొలవలేదు. చాసిస్ కింద జాకీ పెట్టి వెనక చక్రాలు గాల్లో వేలాడేదాకా లేపాడు. ఇరుసు ఎంత దిగగలదో అంత దిగాక కొలిచి, దానికి జానెడు కలిపి కోశాడు. తర్వాత బండి దించి, వెనక బంపరు మీద నన్నూ కుర్రాణ్ణీ ఎక్కి గెంతమన్నాడు. తను కింద పడుకుని, మిగులు పైపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి (ఇరుసుని తిప్పే పొడుగాటి కడ్డీ) గానీ, పట్టీ స్ప్రింగుకి గానీ తగులుతుందేమో చూశాడు. బ్రేకు పైపు ఏ దారిలో వెళ్తే ఈ పైపునీ ఆ దారిలోనే తీసుకెళ్ళాడు. కంపెనీ వాడు బ్రేకు పైపుకి క్షేమమైన దారే ఎంచుకుని ఉంటాడు కదా, మనం వేరే బుర్ర పెట్టడం ఎందుకని ఆయన లెక్క.

మేమిద్దరం వాదించుకున్నది ఒకే ఒక్క విషయం మీద. కిట్ ప్రకారం నాలుగు పైపులూ ఇంజిన్ వెనక గోడ మీదున్న మానిఫోల్డ్‌కి రావాలి. నాకూ అలాగే కావాలి, చూడ్డానికి నీటుగా ఉంటుంది. వెనకది మాత్రం ముందుకి తేను అన్నాడు బాబాయ్. కింద పడుకోబెట్టి చాసిస్ చూపించాడు. వెనక ఇరుసు దగ్గర చాసిస్ పైకి లేచి, దాని మీదుగా వచ్చి మధ్యలో దిగిపోతుంది. పైపు దాని వెంబడే వస్తే మధ్యలో ఒక పల్లం. క్రౌన్ తిరుగుతుంటే ఆయిల్ తుంపర పైపులోకి ఎక్కుతూనే ఉంటుంది, అది పల్లంలో చేరి నిలబడిందంటే పైపు మూసుకున్నట్టే. ఇంత ఖర్చూ పెట్టి పాత టోపీ దగ్గరికే వచ్చాం అన్నమాట. పైపు ఎక్కడా కిందికి దిగకూడదు, మొదటి నుంచి చివరిదాకా ఎక్కుతూనే ఉండాలి. అది ఆయన పట్టు.

అలా వెనక పైపుని వెనక లైటు వైరు వెళ్ళే దారిలోనే బాడీ మూలకి ఎక్కించి, తొట్టి అంచు దాకా తీసుకెళ్ళి, దానికి విడిగా ఒక ఇత్తడి ఫిల్టరు పెట్టాడు. ముందు ఇరుసు, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే పెట్టె) మూడూ మానిఫోల్డ్‌కి. జిప్సీలో గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ వేరువేరుగా ఉండి మధ్యలో పొట్టి షాఫ్ట్ ఉంటుంది కాబట్టి రెంటికీ విడి పైపులు తప్పవు. మానిఫోల్డ్ నాలుగో దారికి బోల్టు బిగించి మూసేశాం. నాలుగు దారుల కిట్ కొని మూడు దారులు వాడిన ఘనత మాది.

మానిఫోల్డ్‌ని వైపరు మోటారు పక్కన, బానెట్ మూతకి నాలుగు వేళ్ళ కింద పెట్టాడు. అంత పైన ఎందుకంటే ఎత్తు కోసం ఒకటి, ఆయిళ్ళు కలవకుండా ఒకటి. క్రౌన్‌లో వాడే జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌లో ఉండే మందులు కొన్ని గేర్‌బాక్సుల్లో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి, అందుకే వాటికి జీఎల్-4 పోస్తారు. కింద ఎక్కడో టీ జాయింటు పెట్టి అన్నీ కలిపేస్తే ఒకదాని తుంపర ఇంకోదాంట్లోకి జారే ప్రమాదం ఉంది. కొందరు ఈ పైపుల్ని తీసుకెళ్ళి ఎయిర్ ఫిల్టరు డబ్బాలో కలిపేస్తారు. ఇంజిన్ లాగే గాలితో పాటు ఆయిల్ ఆవిరి కూడా లాగేస్తుంది, అది వద్దే వద్దు అన్నాడు.

పరీక్ష నోటితోనే చేశాడు. ఒక్కో పైపు చివర నోట్లో పెట్టుకుని ఊదితే అడ్డు లేకుండా పోవాలి, జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే బుడగ రాకూడదు. టైర్లకి గాలి కొట్టే పైపు పక్కనే వేలాడుతున్నా దాన్ని ముట్టుకోలేదు. అంత ఒత్తిడి పెడితే సీళ్ళు చోటు తప్పుతాయి. తొందరగా అవుతుందని ఆ పని చేసే షెడ్లు ఉన్నాయి, మీ బండి దగ్గర నిలబడి చూసుకోండి.

కిట్ 2,250, పైపు 540, లేత్ 300, రెండు ఫిల్టర్లు 160, బాబాయ్ కూలి 900. మొత్తం 4,150. ఇప్పుడు వెనక్కి తిరిగి లెక్కేస్తే, మానిఫోల్డ్ లేకుండా ఒక్కో దానికీ విడి పైపు, విడి ఇత్తడి ఫిల్టరు పెట్టించినా పని జరిగేది. నాలుగు నిపుల్సూ లేత్‌లోనే పట్టించుకుంటే రెండున్నర వేల లోపు తేలిపోతుంది. కాబట్టి లేత్ షాపు, మంచి మెకానిక్ అందుబాటులో ఉన్నవాళ్ళకి ఈ కిట్ అక్కర్లేదు. అవి లేని చోట ఉన్నవాళ్ళు కిట్ కొనుక్కుని, పైపూ ఫిల్టరూ మాత్రం మార్చుకోండి.

ఈ వానాకాలం చింతూరు అవతల నీళ్ళలో చాలాసార్లు దాటాను. రాత్రంతా బండి కదపకుండా ఉంచి, పొద్దున్నే డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూడటం అలవాటు చేసుకున్నాను. నీళ్ళు ఉంటే అడుగుకి దిగి ఉంటాయి, మొదటి చుక్కల్లోనే తెలిసిపోతుంది. వెనక క్రౌన్ శుభ్రంగా ఉంది, తేనె రంగు ఆయిల్ తప్ప ఏం రాలేదు. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కూడా బాగున్నాయి. ఫిర్యాదు ఒకటే, ఎండలో వెనక మూల కొంచెం క్రౌన్ ఆయిల్ వాసన వస్తుంది. డీజిల్ డబ్బాలు మోసే బండిలో అదొక వాసనా అంటాడు మా హెల్పరు.

ముందు ఇరుసు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. ఆయిల్ మునుపటంత పాడవలేదు గానీ కాస్త మసకగానే వస్తోంది. జిప్సీ ముందు చక్రాల దగ్గర గుండ్రటి నకిల్ బాల్ ఉంటుంది, దాని మీద తుడిచే సీలు అరిగితే నీళ్ళు అటు నుంచి దూరి, లోపలి యాక్సిల్ సీలు కూడా బలహీనంగా ఉంటే హౌసింగ్ దాకా వచ్చేస్తాయి. బ్రీదర్‌ని ఆకాశానికి ఎత్తినా అది ఆగదు. కిట్ అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. "వాటర్‌ప్రూఫ్ డ్రైవ్‌ట్రెయిన్" అని పెద్ద అక్షరాలతో రాస్తారు.

అలాగే దీంతో బండి దాటగలిగే లోతు పెరగదు. కొత్త థార్‌కి కంపెనీ 650 మిల్లీమీటర్లని చెబుతుంది, బ్రీదర్ ఎత్తు పెంచినంత మాత్రాన అది 900 అవదు. ఇంజిన్ గాలి పీల్చే చోటు, వైర్లు, నా పాత జిప్సీకైతే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది), ఇవన్నీ ఉన్న ఎత్తులోనే ఉంటాయి. థార్ వాళ్ళకి ఒక సౌలభ్యం ఉంది. 2020 మోడల్ నుంచీ ముందు డిఫరెన్షియల్ (క్రౌన్ ఉండే గుండు) చాసిస్‌కే బిగించి ఉంటుంది, కాబట్టి ముందు పైపుకి ఊగుడు మిగులు అక్కర్లేదు, వెనక ఇరుసుకే కావాలి. జిమ్నీకి రెండు వైపులా నిండు ఇరుసులే, మా జిప్సీ లాగే కొలవాలి. ఏ బండైనా ఆర్డర్ పెట్టేముందు ఓసారి కింద పడుకుని చూడండి. కొన్నిటికి కంపెనీయే కొంత ఎత్తుదాకా ట్యూబు వేసి ఇస్తుంది, అది చీలిందా, ఊడిందా చూసుకుంటే చాలు.

డబ్బు ఖర్చు లేని ఇంకో పని కూడా ఉంది. నీళ్ళ దగ్గర ఎలాగూ ఆగి చూస్తాం కదా, ఆ ఆగేది అరగంట చేయండి. హౌసింగ్ మీద చెయ్యి ఆనేంత చల్లారాక దిగండి. నేను కిట్ పెట్టించుకున్నాక కూడా ఆగుతున్నాను.

బాబాయ్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు పొద్దున తొమ్మిది లోపే వెళ్ళండి, తర్వాత వెళ్తే లారీలు ముందుంటాయి. ఫోన్ ఎత్తడు. నకిల్ సీళ్ళ సెట్టు విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పిస్తే ముందు ఇరుసు విప్పుతానన్నాడు, సెట్టు ఇంకా రాలేదు.